డంప్ అని వాళ్ళు అనొచ్చు, నువ్వు అనకూడదు

"అక్కా, మాది ఖమ్మం దగ్గర ఒక ఊరు. ఎమ్మెస్సీ చదవడానికి ఇంగ్లండ్‌లోని లెస్టర్ వచ్చాను, సాయంత్రాలు ఒక గోడౌన్‌లో పార్ట్‌టైమ్ చేస్తున్నాను. నాతో పనిచేసే ఇంగ్లీషు అమ్మాయి కొత్త ఫ్లాట్‌కి మారి మా షిఫ్ట్ వాళ్ళందరినీ టీకి పిలిచింది. తలుపు తీస్తూనే 'సారీ, ఇట్స్ ఎ బిట్ ఆఫ్ ఎ డంప్' అంది. నేను నవ్వుతూ 'యెస్, రియల్లీ ఎ డంప్, వెరీ కంజెస్టెడ్' అన్నాను. హైదరాబాద్‌లో నేనున్న గది కూడా ఇలాగే స్లమ్‌లా ఉండేదని చెప్పాను. కలుపుగోలుగా ఉంటుందనే అన్నాను అక్కా. ఒక్కరూ నవ్వలేదు. అప్పటినుంచి ఆ అమ్మాయి పొడిపొడిగా మాట్లాడుతోంది. ఆమె అన్న మాటే కదా నేనూ అన్నది? ఈ డంప్, హోల్, డైవ్, డింగీ అనే మాటలకు తేడా ఏమిటో, ఏది ఎక్కడ వాడాలో చెప్పండి. ఇంకోటి, నా సొంత గది సంగతి. మేం ఏడుగురం ఉండే ఇంట్లో 9 అడుగుల పొడవు, 7 అడుగుల వెడల్పు గదిలో ఇద్దరం ఉంటున్నాం, గోడంతా నల్లగా బూజు. ఓనర్‌కి 'దిస్ రూమ్ ఈజ్ ఎ షిట్‌హోల్' అని మెసేజ్ పెడదామనుకుంటున్నాను. ఇక్కడ అందరూ ఆ మాట వాడుతూనే ఉన్నారు. పెట్టొచ్చా?" (పేరు వద్దన్నారు)

తమ్ముడూ, ఆ మెసేజ్ ఇంకా పెట్టకపోతే ఆగు, దాని దగ్గరికి చివర్లో వస్తాను, అది వేరే రకం పని. ముందు టీ సంగతి చూద్దాం.

ఆమె అన్న మాటే నువ్వూ అన్నావు, నిజమే. చిక్కంతా అక్కడే ఉంది. ఇదే పని నువ్వు తెలుగులో చేసేవాడివా చెప్పు. ఖమ్మంలో ఎవరింటికైనా వెళ్తే ఇంటావిడ "మాదేదో ఇరుకు కొంప, ఏమీ అనుకోకండి, ఇలా కూర్చోండి" అంటుంది. దానికి నువ్వు "అవునండీ, నిజంగానే ఇరుకు కొంప" అంటావా? "భలేవారే, ఇంత చక్కగా పెట్టుకున్నారు" అని కుర్చీ లాక్కుంటావు. 'మా కొంప' అని ఎవరి గురించి వాళ్ళు ఎంతైనా అనుకోవచ్చు, 'మీ కొంప' అన్నావంటే గొడవే. ఈ మర్యాద నీకు నేర్పాల్సిన పని లేదు, అమ్మ పక్కన నాలుగు పేరంటాలకు వెళ్ళినవాడికి కూడా తెలుస్తుంది. కానీ ఇంగ్లీషు మాట్లాడేటప్పుడు మనం మాటకు అర్థం వెతుక్కుంటూ ఉంటాం, ఎదుటివాళ్ళు ఆ మాటను దేనికి వాడారో చూసే తీరిక ఉండదు. ఆమె నీకు ఫ్లాట్ గురించి సమాచారం ఇవ్వలేదు. ఆమె "పరవాలేదు, బాగుంది" అనిపించుకోవడానికి నీకు వీలు కల్పించింది. ఆ 'బిట్ ఆఫ్ ఎ' అన్న ముక్క గమనించావా, బ్రిటన్ వాళ్ళు తమను తాము కాస్త తక్కువ చేసుకుని చెప్పేటప్పుడు అది దాదాపు తప్పకుండా వస్తుంది.

ఇలాంటి చోట అనాల్సినవి పెద్ద కష్టమేమీ కాదు. "డోంట్ బి సిల్లీ, ఇట్స్ లవ్లీ" అంటే సరిపోతుంది, కాస్త పొడిగా అనిపిస్తే గదిలో నిజంగా బాగున్న ఒక్కదాన్ని పట్టుకో, కిటికీయో వెలుతురో మొక్కలో, దాని గురించి మాట్లాడు. నా లెక్కలో అన్నిటికంటే మంచిది "యు షుడ్ సీ మైన్". నాది చూస్తే ఏమంటావో అని. ఇందులో నిన్ను నువ్వు తక్కువ చేసుకుంటున్నావు, ఆమెను కాదు, అందరూ నవ్వుతారు, పైగా నీ గది గురించి నువ్వు రాసింది చదివాక అది అబద్ధం కూడా కాదు. నువ్వు హైదరాబాద్ గది మాట ఎత్తింది కూడా ఇందుకే అని నాకు తెలుసు, కాకపోతే 'ఇలాగే' అని కలిపేశావు చూడు, అక్కడ దెబ్బతిన్నావు. నీ గదితో పాటు ఆమె గదిని కూడా స్లమ్‌ని చేసేశావు. ఇప్పుడు పెద్ద క్షమాపణ సభ పెట్టకు. ఈసారి షిఫ్ట్‌లో కలిసినప్పుడు ఆ రోజు నా ఇంగ్లీషు అడ్డం తిరిగింది, నీ ఫ్లాట్ నాకు నచ్చింది అని ఒక్క ముక్క చెప్పి ఊరుకో, వివరణ మొదలుపెడితే మళ్ళీ ఇంకేదో దొర్లుతుంది.

ఎవరు అంటున్నారన్నది దేశాల మధ్య కూడా గొడవైంది తెలుసా. 1979లో యూరోపియన్ కమ్యూనిటీ (ఇప్పటి యూరోపియన్ యూనియన్‌కి ముందున్న కూటమి, ఆఫీసు బ్రస్సెల్స్‌లో) వాళ్ళ అంతర్గత పత్రం ఒకటి బయటికి పొక్కింది. జపాన్ వాళ్ళు పని పిచ్చోళ్ళనీ, పాశ్చాత్యుల కళ్ళకు కుందేళ్ళ గూళ్ళలా కనిపించే ఇళ్ళలో ఉంటారనీ అందులో రాశారు. ఇంగ్లీషులో 'ర్యాబిట్ హచ్'. జపాన్‌లో పెద్ద దుమారం లేచింది. తర్వాత ఏమైందంటే జపాన్ వాళ్ళే ఆ మాటను తీసుకుని 'ఉసాగి గోయా' అని తమ ఇళ్ళమీద తామే జోకులు వేసుకోవడం మొదలుపెట్టారు, పత్రికల్లో ఇళ్ళ ధరల గురించి రాసేటప్పుడు మామూలు మాటైపోయింది. బ్రస్సెల్స్ నుంచి వచ్చినప్పుడు అవమానం, తమ వంటింట్లో అనుకున్నప్పుడు జోకు.

ఇక మాటల తేడాలు. నువ్వు వాటన్నిటినీ 'బాగోలేని చోటు' అనే ఒకే సంచిలో వేసుకున్నావు, మన స్పోకెన్ ఇంగ్లీష్ పుస్తకాలు కూడా అలాగే జాబితా కట్టి ఇస్తాయి, దాంతో ఏదో ఒకటి తీసి వాడేస్తాం. నిజానికి ఒక్కోమాటా ఒక్కో ఫిర్యాదు. చిన్నదనా, మురికనా, చీకటనా, అక్కడికి వచ్చే జనం మంచివాళ్ళు కాదనా, ఊరికి దూరమనా, ఏది నీ బాధో తేల్చుకుంటే మాట దానంతట అదే దొరుకుతుంది.

నువ్వు 'కంజెస్టెడ్' అన్నావు కదా, దానితో మొదలుపెడదాం. మన దగ్గర ఇల్లు కంజెస్టెడ్‌గా ఉందనడం మామూలే, అద్దె ఇల్లు చూసొచ్చిన ప్రతివాళ్ళూ అంటారు. ఇంగ్లండ్‌లో కంజెషన్ రోడ్డు మీద ట్రాఫిక్‌కి, జలుబు చేసి మూసుకుపోయిన ముక్కుకి. లండన్ నడిబొడ్డుకి కారులో వెళ్తే కట్టే రుసుము పేరే కంజెషన్ చార్జ్. గదిని అంటే అర్థం చేసుకుంటారు గానీ వినడానికి వింతగా ఉంటుంది. గదికి 'క్రాంప్డ్' అను. చిన్నగా ఉంది, కాళ్ళు చేతులు ఆడవు అని అర్థం, మర్యాద మాటే, ఓనర్ మెయిల్‌లో కూడా రాయొచ్చు. బ్రిటన్‌లో 'పోకీ' అనే మాట కూడా వింటావు, అది చిన్న గదిని కాస్త చిరాగ్గా అనడం. మనం అగ్గిపెట్టె లాంటి గది అంటామే, వాళ్ళది చెప్పుల డబ్బా, 'షూబాక్స్'. 'బాక్స్ రూమ్' అని వింటే మాత్రం అది తిట్టు అనుకోకు. అక్కడి పాత ఇళ్ళలో పై అంతస్తులో అన్నిటికంటే చిన్న పడకగదికి, పెట్టెలూ పాత సామానూ పెట్టుకునే గదికి అది మామూలు పేరు. నువ్వు చెప్పిన కొలతలు చూస్తే నీది బాక్స్ రూమే అనిపిస్తోంది. 'బెడ్‌సిట్' కూడా తిట్టు కాదు, పడకా కూర్చోవడమూ, ఒక్కోసారి వంట కూడా ఒకే గదిలో, బాత్రూమ్ మాత్రం పక్కవాళ్ళతో కలిపి.

ఇళ్ళు అద్దెకిప్పించే ఏజెంట్ల భాష దీనికి సరిగ్గా తలకిందులు. వాళ్ళ ప్రకటనలో 'కోజీ' అంటే మంచం వేశాక నిలబడే చోటు ఉండదని, 'కాంపాక్ట్' అంటే అది కూడా ఉండదని, 'క్యారెక్టర్' ఉందంటే ఏ తలుపూ సరిగ్గా పడదని, 'మోడర్నైజేషన్ కావాలి' అంటే కుళాయి దగ్గర్నుంచి పైకప్పు దాకా అన్నీ నీ నెత్తినే అని చదువుకోవాలి. ఇదేదో నా వెటకారం కాదు, అక్కడి జనమంతా ఇలాగే చదువుతారు. 1950లు, 60లలో లండన్‌లో రాయ్ బ్రూక్స్ అనే ఏజెంట్ ఉండేవాడు, ఆయన దీన్ని పూర్తిగా తిరగేశాడు. అమ్మకానికి పెట్టిన ఇల్లు కంపు కొడుతోందనీ, రంగులు ఘోరంగా ఉన్నాయనీ, గోడలు ఊడుతున్నాయనీ తనే ఆదివారం పత్రికల్లో డబ్బులు కట్టి ప్రకటనలు వేసేవాడు. జనం ఆ ప్రకటనలు చదవడానికే పేపర్ తిరగేసేవాళ్ళు, ఇళ్ళూ అమ్ముడుపోయేవి. తన దగ్గర అమ్మకానికున్న ఇంటిని తనే తిట్టుకున్నాడు కాబట్టి చెల్లింది.

మురికి విషయానికొస్తే 'డంప్', 'టిప్', 'పిగ్‌స్టై'. డంప్, టిప్ రెండూ చెత్త పోసే చోట్లే. డంప్ అంటే ఆ చోటే బాగోలేదని, ఇల్లు పాతబడి, పట్టించుకునేవాళ్ళు లేక అలా తయారైందని. టిప్ బ్రిటన్ మాట, చోటు మంచిదే గానీ సర్దలేదని. అందుకే పిల్లల గదులకు ఎక్కువ వాడతారు, "యువర్ రూమ్ ఈజ్ ఎ టిప్" అని తల్లులు అరుస్తుంటారు, మనం పందుల దొడ్డిలా పెట్టావేంరా అన్నట్టు. పిగ్‌స్టై కూడా అదే. అమెరికా వాళ్ళకు టిప్ అంటే సర్వర్‌కి ఇచ్చే డబ్బులే కాబట్టి డల్లాస్‌లో ఉన్న మీ బావ దగ్గర ఈ మాట వాడితే అయోమయంగా చూస్తాడు. 'గ్రాటీ' అని ఇంకొకటుంది, బ్రిటన్‌దే, జిడ్డుగా అసహ్యంగా ఉండే బాత్రూమ్, కార్పెట్, హాస్టల్ వంటగది, వీటికి చక్కగా కుదురుతుంది. గ్రొటెస్క్ అనే మాటను కుదిస్తే వచ్చింది. 1964లో బీటిల్స్ నటించిన సినిమాలో జార్జ్ హారిసన్ నోటి నుంచి వచ్చాక దేశమంతా పాకిపోయింది. కాస్త పాతకాలపు వాసన ఉన్నా ఇప్పటికీ వాడుతూనే ఉన్నారు.

చీకటికి 'డింజీ'. దీన్ని నువ్వు డింగీ అని రాశావు. డింగీ అంటే చిన్న పడవ, స్పెల్లింగ్‌లో ఒక హెచ్ ఎక్కువ ఉంటుంది. "మై రూమ్ ఈజ్ వెరీ డింగీ" అన్నావంటే నీ గది నీళ్ళలో తేలుతోందా అనుకుంటారు. జ కారం పలుకు. వెలుతురు లేక, గోడలు మాసి, పగలే లైటు వేసుకోవాల్సి వచ్చే గది డింజీ. గాలాడని గదికి 'స్టఫీ', మూసిపెట్టిన పాత గది వాసనకు 'మస్టీ'. ఇవన్నీ నిరభ్యంతరంగా వాడొచ్చు.

మురికి లేకపోయినా చోటు మంచిది కాదనిపిస్తుందే, అక్కడి లెక్క వేరు. 'సీడీ', 'స్లీజీ' అంటే అక్కడ జరిగే వ్యవహారాలు మంచివి కావని. సీడీలో పాతబడి మాసిపోయిన ఛాయ ఎక్కువ, స్లీజీలో మర్యాదస్తులు వెళ్ళని చోటు అనే ఛాయ ఎక్కువ. రాత్రిపూట నడవడానికి భయమేసే వీధిని బ్రిటన్‌లో 'డాడ్జీ' అంటారు, అమెరికాలో 'స్కెచీ'. నల్లులుండే చవక హోటల్‌ని 'ఫ్లీబ్యాగ్' అంటారు. నిజానికి ఫ్లీ అంటే గోమారి, నల్లి కాదు, దురద మాత్రం ఒకటే.

ఇక్కడే ఒక తమాషా ఉంది. 'డైవ్' మొదట్లో పచ్చి తిట్టు. 19వ శతాబ్దం అమెరికాలో నేలమాళిగల్లో సారా దుకాణాలుండేవి, ఎవరి కంటా పడకుండా మెట్లు దిగి లోపలికి దూకేసేవాళ్ళు, ఆ దూకడమే పేరైంది. ఇప్పుడు 'డైవ్ బార్' అంటే ముద్దు. హంగులు లేవు, కుర్చీలు చిరిగాయి, ధర తక్కువ, పాత జనం, అలాంటి చోటు వెతుక్కుని మరీ వెళ్తున్నారు. 'గ్రీసీ స్పూన్' కూడా అంతే. మాట జిడ్డు చెంచా, బ్రిటన్‌లో అర్థం మాత్రం పొద్దున్నే గుడ్డూ బీన్సూ టోస్టూ పెట్టే చవక టిఫిన్ చోటు. మన కాకా హోటల్ అన్నమాట, పేరులో గొప్ప లేదు గానీ టీ బాగుంటుందని అందరికీ తెలుసు. కాబట్టి నీ తోటివాళ్ళు పొద్దున షిఫ్ట్ అయ్యాక "గ్రీసీ స్పూన్‌కి పోదాం" అంటే మొహం ముడుచుకోకు. 'హోల్ ఇన్ ద వాల్' అన్నది మరీ తికమక. అమెరికాలో అది చిన్న ఇరుకు తినుబండారాల చోటు, చాలాసార్లు మెచ్చుకోలే. బ్రిటన్‌లో ఏటీఎం. 1967 జూన్‌లో లండన్ ఉత్తరాన ఎన్‌ఫీల్డ్‌లో బార్క్‌లేస్ బ్యాంకు గోడలో పెట్టిన యంత్రంతో ఏటీఎంల కథ మొదలైంది, గోడలో కన్నమన్న పేరు అక్కడివాళ్ళ నోట స్థిరపడిపోయింది. "హోల్ ఇన్ ద వాల్‌కి వెళ్ళొస్తా" అన్నవాడు నీకు బిర్యానీ తెస్తాడని ఎదురుచూడకు. ఉత్త 'హోల్' అంటే మాత్రం మెచ్చుకోలు ఏమీ లేదు, బొక్క లాంటి చోటు, అంతే.

దూరానికి 'ద స్టిక్స్', 'బ్యాక్ ఆఫ్ బియాండ్', అమెరికాలో 'బూన్‌డాక్స్'. చివరిదానికి మూలం ఫిలిప్పీన్స్, అక్కడి తగాలోగ్ భాషలో బుందోక్ అంటే కొండ, యుద్ధానికి వెళ్ళిన అమెరికా సైనికులు పట్టుకొచ్చారు. నీ ఊరి గురించి నువ్వు "ఐయామ్ ఫ్రమ్ ద స్టిక్స్" అనుకో, సరదాగా ఉంటుంది. నీ మేనేజర్ ఊరి గురించి అనకు.

ఇప్పుడు ఇంకో మూడు మాటలు, వీటిని మాత్రం జేబులో పెట్టుకుని తిరగకు. మొదటిది స్లమ్. మన దేశంలో ఇది ప్రభుత్వ భాష. 1956 నాటి కేంద్ర చట్టం పేరులోనే స్లమ్ ఏరియాస్ అని ఉంది, మునిసిపాలిటీ రికార్డుల్లో నోటిఫైడ్ స్లమ్ అని ఉంటుంది, అందువల్ల మన చెవికి అది రెవెన్యూ మాటలా మామూలుగా వినిపిస్తుంది. ఇంగ్లీషువాళ్ళకు అలా కాదు. 1800ల మొదట్లో లండన్ దొంగల యాసలో స్లమ్ అంటే ఉత్త గదే. తర్వాత సందుల్లోని పేదల వాడలకు అంటుకుంది, ఆ వాడలను కూల్చేదాకా వెంటాడింది. ఒకరి ఫ్లాట్‌లో టీ తాగుతూ ఆ మాట అనడం, ఇంటాయన ముందే ఇది మురికివాడలా ఉందనడమే. 'గెటో' ఇంకా జాగ్రత్త. 1516లో వెనిస్‌లో యూదులను ఒక మూలకు నెట్టి రాత్రుళ్ళు గేట్లు మూసిన చోటుకి ఉన్న పేరది, అమెరికాలో నల్లజాతివాళ్ళ పేటలకు అంటుకుంది. అక్కడి మన పిల్లలు కొందరు చవకబారు అనే అర్థంలో "సో గెటో" అంటుంటారు, వాళ్ళను చూసి నేర్చుకోకు, ఆ మాటలో జాతి వివక్ష ఉంది.

మూడోది నీ షిట్‌హోల్. అందరూ వాడుతున్నారన్నావు, నిజమే, గోడౌన్‌లో టీ బ్రేక్‌లో వాడతారు. కానీ ఆ మాట బలం ఎంతో చూడాలంటే 2018 జనవరి గుర్తు చేసుకో. హైతీ, ఆఫ్రికా దేశాల గురించి ట్రంప్ ఒక సమావేశంలో ఆ మాట అన్నాడని వార్తలొచ్చాయి, ఆయన కాదన్నాడు, ఆఫ్రికా దేశాల రాయబారులు క్షమాపణ అడిగారు, దాన్ని యథాతథంగా వేయాలా చుక్కలు పెట్టాలా అని పత్రికలు, టీవీలు తర్జనభర్జన పడ్డాయి. అలాంటి మాటను నెల నెలా అద్దె తీసుకునేవాడికి రాతపూర్వకంగా పంపుతావా?

మధ్యలో ఇంకో సంగతి, మన తెలుగు ఇంగ్లీషు గురించి. "హైదరాబాద్‌లో నేను మెస్‌లో తినేవాణ్ణి" అని ఇంగ్లీషులో చెప్పకు, మిలిటరీలో చేసినవాడు తప్ప మిగతావాళ్ళు చిందరవందర మధ్య కూర్చుని తిన్నావనుకుంటారు. అమీర్‌పేటలో పీజీలో ఉన్నానంటే కూడా అర్థం కాదు, షేర్డ్ రూమ్, భోజనం కలిపి అని విడమర్చు. మనకు లాడ్జి అంటే బస్టాండ్ ఎదురుగా ఉండే సంగతి, అక్కడ లాడ్జ్ అంటే అడవి పక్కన వేలకు వేలు పోసి దిగే బస కూడా కావచ్చు. "వీకెండ్‌కి లాడ్జ్ బుక్ చేశాం" అని మీ సూపర్‌వైజర్ అంటే వేరేగా అనుకోకు.

సరే, నీ గది. తమ్ముడూ, ఇలాంటి చోట యాస మాటలు పనికిరావు, ఎందుకంటే వాటిలో నీ కోపం తప్ప సమాచారం ఉండదు. షిట్‌హోల్ అంటే ఓనర్ "నీకు నచ్చకపోతే వెళ్ళిపో" అంటాడు, మాట దురుసు అని నీ మీదే తిప్పుతాడు. అదే గోడ ఏది, బూజు ఎంత మేర, ఎప్పటినుంచి అని రాస్తే అతను జవాబు చెప్పుకోవాలి. 'డ్యాంప్', 'మోల్డ్', 'లీక్', 'నో హీటింగ్', ఈ నాలుగూ అక్కడ పనిచేసే మాటలు, కౌన్సిల్ (మన మునిసిపాలిటీ లాంటిది) వాళ్ళ ఫారాల్లో ఉండేవి ఇవే.

నీ చేతిలో ఇంకా పెద్దది ఉంది, బహుశా నీకు తెలీదు. ఇంగ్లండ్‌లో ఒకే కుటుంబం కాని వాళ్ళు ఐదుగురు, అంతకంటే ఎక్కువమంది వంటిల్లో బాత్రూమో పంచుకుని ఉండే ఇంటికి ఓనర్ కౌన్సిల్ నుంచి లైసెన్స్ తీసుకోవాలి, హెచ్‌ఎంఓ (హౌస్ ఇన్ మల్టిపుల్ ఆక్యుపేషన్) లైసెన్స్ అంటారు. మీరు ఏడుగురు. ఆ లైసెన్స్ ఉన్న ఇంట్లో 2018 అక్టోబర్ నుంచి పడుకునే గదికి కనీస కొలత పెట్టారు, పెద్దవాళ్ళు ఒక్కరుంటే 6.51 చదరపు మీటర్లు, ఇద్దరుంటే 10.22. అంటే ఒక్కరికి సుమారు 70 చదరపు అడుగులు, ఇద్దరికి 110. నీ గది తొమ్మిదిని ఏడుతో గుణిస్తే అరవై మూడు. ఇద్దరి మాట దేవుడెరుగు, ఒక్కరికే చాలదు. ఏటవాలు కప్పు కింద మీటరున్నర కంటే తక్కువ ఎత్తున్న భాగాన్ని ఆ లెక్కలో కలపరు కూడా. ఓనరే అదే ఇంట్లో కాపురముంటే రూల్స్ కొంత వేరు, ఆ సంగతి నువ్వు రాయలేదు.

కాకపోతే ముందు నీ ఓనర్ ఎవరో తేల్చుకో. మనవాళ్ళ ఇళ్ళలో తరచూ జరిగేదేమిటంటే, ఇల్లు ఒక సీనియర్ అన్న పేరు మీద ఉంటుంది, అసలు యజమానికి నలుగురని చెప్పి ఏడుగుర్ని పెడతాడు, అద్దె తన ఖాతాకి వేయించుకుంటాడు. నీ పేరు మీద అగ్రిమెంట్ కాగితం ఉందా, అద్దె ఎవరి ఖాతాకి పోతోంది, ఈ రెండూ చూసుకుని, మెయిల్ పంపేముందే మీ యూనివర్సిటీ స్టూడెంట్స్ యూనియన్ సలహా కేంద్రానికి వెళ్ళు, ఇళ్ళ గొడవలు చూడటం వాళ్ళకు రోజువారీ పని, డబ్బులు అడగరు. మన వాట్సాప్ గ్రూపులో అడగకు, సగంమంది సర్దుకుపొమ్మంటారు, మిగతా సగం తమ గదిలో ఖాళీ ఉందంటారు. కౌన్సిల్‌కి చెప్తే ఇంట్లో అందరూ రోడ్డున పడతారేమోనని నీకు భయం ఉంటే అదీ సలహా కేంద్రంలోనే చెప్పు, ఏ క్రమంలో అడుగు వేయాలో చెప్తారు.

మెయిల్ ఇలా ఉంటే చాలు, నీ ఇంగ్లీషులో పెట్టుకో: "పై అంతస్తు వెనక గదిలో ఉంటున్నాను. కిటికీ పక్క గోడ మీద నల్ల బూజు ఉంది, నేల నుంచి సుమారు ఇంత ఎత్తు వరకు. ఫలానా తేదీన మొదటిసారి చూశాను. హీటర్ పనిచేస్తోంది లేదా పనిచేయడం లేదు. ఫోటోలు జతచేశాను. చూడటానికి ఎవరిని ఎప్పుడు పంపుతారో రాతపూర్వకంగా చెప్పగలరు." ఎక్కడా తిట్టు లేదు, ఎక్కడా 'వెరీ బ్యాడ్' కూడా లేదు. ఫోన్‌లో మాట్లాడినా తర్వాత మాట్లాడిన సారాంశం మెయిల్‌లో పెట్టు. బ్లీచ్ కొట్టి గోడ తుడవాలనుకుంటే తుడువు, ఊపిరితిత్తులు నీవి, కానీ ఫోటోలు తుడవకముందు తియ్యి, పక్కన టేపు పెట్టి కొలత కనపడేలా తియ్యి.